నేలబారు కార్ల వీధి

ఆదివారం సాయంత్రం ఎండ వాలే వేళకి లాస్ ఏంజెలెస్ తూర్పు పేటలో ఒక వీధి మెల్లగా నిద్రలేస్తుంది. పేరు విట్టియర్ బులెవార్డ్. మామూలు రోజుల్లో చూస్తే విశేషమేమీ కనపడదు. చెప్పుల కొట్లు, పెళ్లి గౌన్ల దుకాణాలు, టాకోలు అమ్మే బండ్లు, సెల్‌ఫోన్ రిపేర్లు, రోడ్డుకి అడ్డంగా 1986లో కట్టిన ఒక ఆర్చి... అంతే. మన కోఠీలోనో విజయవాడ బీసెంట్ రోడ్డులోనో తిరిగినవాళ్లకి ఏ మాత్రం కొత్తనిపించదు.

కానీ పొద్దువాలేసరికి కార్లొస్తాయి. వరసగా, ఒకదాని వెనక ఒకటి. అరవై ఏళ్లనాటి షెవర్లే ఇంపాలాలు... పీచుమిఠాయి రంగొకటి, నేరేడుపండు రంగొకటి, తేనె రంగొకటి. పదిపదిహేను పొరలు వేసి, పొరపొరకీ సానబట్టి, లోపల జరీ పొడి చల్లినట్టు మెరిసే పెయింటు. పొట్టకీ తారురోడ్డుకీ మధ్య చెయ్యి దూరదు. నడుస్తున్నాయంటే నమ్మబుద్ధి కాదు. పేవ్‌మెంటు మీద పిల్లాడి వేలు పట్టుకుని పోతున్న తల్లి వాటికన్నా ముందు వెళ్లిపోతూ ఉంటుంది.

సిగ్నల్ దగ్గర ఆగుతుంది ఒక కారు. లోపలాయన చెయ్యి స్టీరింగు కింద ఎక్కడో కదులుతుంది. డిక్కీలోంచి జుయ్‌మని ఒక మోత. అంతే... ముందు భాగం మూరెడు లేచి, కిందికి దిగి, మళ్లీ లేస్తుంది. అచ్చం గంగిరెద్దు తలూపినట్టు! రోడ్డు పక్కనున్న ముసలాయన టోపీ తీసి చేత్తో పట్టుకుంటాడు. చిన్నపిల్లలు చప్పట్లు కొడతారు.

వీటినే లోరైడర్లంటారు. కారునీ అదే అంటారు, నడిపే మనిషినీ అదే అంటారు.

చూడ్డానికి వేడుకే. కానీ ఈ తలూపుడు వెనక అరవై ఏళ్ల పేచీ ఉంది. ఆ పేచీ గెలిచింది నిన్నగాక మొన్న.

ఊరు కాని ఊరు

డిస్నీల్యాండ్ చూడ్డానికి వెళ్లే మనవాళ్లు లాస్ ఏంజెలెస్ నడిబొడ్డునుంచి ఐదో నంబరు ఇంటర్‌స్టేట్ పట్టుకుని దక్షిణానికి పోతుంటారు. ఆ దారి ఈ పేట పక్కనుంచే పోతుంది. అద్దం దించి చూసేవాళ్లు తక్కువ. చూసినా కనపడేది ఫ్లైఓవర్ల గోడలే. 1950ల్లో, 60ల్లో ఇళ్లు పడగొట్టి, బళ్లూ చర్చీలూ ఉన్న పేటల మధ్యనుంచి హైవేల మీద హైవేలు లాగేశారు. ఈస్ట్ లాస్ ఏంజెలెస్, దాన్ని ఆనుకుని ఉన్న బోయల్ హైట్స్ ఆ దెబ్బకి ముక్కలయ్యాయి.

ఈస్ట్ లాస్ ఏంజెలెస్ లక్షకు పైగా జనం ఉన్న చోటు. కానీ లెక్క ప్రకారం అది ఊరు కాదు. దానికి మేయర్ లేడు, సొంత మున్సిపల్ కౌన్సిల్ లేదు. నేరుగా కౌంటీ పాలన కింద ఉంటుంది. అక్కడ లాఠీ పట్టుకునేది నగర పోలీసులు కాదు, కౌంటీ షెరిఫ్ మనుషులు. వీధిలో కార్లు తిరగొచ్చా వద్దా అన్నది ఆ వీధివాళ్లు ఎన్నుకున్న వార్డు మెంబరు చేతిలో ఉండదన్నమాట. ఈ సంగతి ముందుకి పనికొస్తుంది, గుర్తుంచుకోవాలి.

జనంలో నూటికి తొంభైమందికి పైగా మెక్సికో తదితర లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు. వాళ్లలో అమెరికాలోనే పుట్టి పెరిగిన మెక్సికన్ల బిడ్డలు 1960ల్లో తమకు తాము పెట్టుకున్న పేరు చికానోలు. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక సైన్యంలో మరమ్మతుల పని నేర్చిన కుర్రాళ్లు ఇళ్లకి తిరిగొచ్చారు. చుట్టుపక్కల విమానాల ఫ్యాక్టరీలు, కార్ల ఫ్యాక్టరీలు. చేతిలో పని ఉంది, వెల్డింగు వచ్చు. కొత్త కారు కొనే స్తోమత మాత్రం లేదు. సెకండ్ హ్యాండ్ షెవర్లే అయితే చవగ్గా వచ్చేది.

అదే రోజుల్లో తెల్లవాళ్ల కుర్రకారుకి హాట్‌రాడ్ల పిచ్చి. ఇంజనుకి బలం పెంచడం, ఖాళీ రోడ్డు చూసుకుని దూసుకుపోవడం. చికానో కుర్రాళ్లు దానికి సరిగ్గా తిరగేసి చేశారు. వేగం వద్దు. కారు కిందికి దిగాలి, నెమ్మదిగా పోవాలి, అందరూ చూడాలి. స్పానిష్‌లో వాళ్ల మాట ‘బహీతో ఈ స్వావెసీతో’... కిందుగా, మెత్తగా అని. ఎవరూ నిన్ను చూడని దేశంలో చూసి తీరేలా చెయ్యడం కూడా ఒక పంతమే మరి!

ఇసక బస్తాలు, కోసిన స్ప్రింగులు

మొదట్లో కారు దించడానికి వాడిన సాధనం... ఇసక బస్తా. డిక్కీలో నాలుగు బస్తాలు పడేస్తే వెనక భాగం దిగిపోయేది. ఊరేగింపు అయ్యాక దింపేసుకుంటే మర్నాడు పనికి పోవడానికి కారు మామూలే. ఖర్చు లేని పద్ధతి. ఇప్పుడు నవ్వొస్తుందిగానీ తర్వాత వచ్చిన కొన్ని పద్ధతులకన్నా అదే నయం.

ఎందుకంటే ఆ తర్వాత స్ప్రింగుల్ని కోశారు.

కారు బరువంతా నాలుగు చక్రాల దగ్గరున్న స్ప్రింగుల మీద ఉంటుంది. స్ప్రింగు పొడుగు తగ్గితే కారు దిగుతుంది... ఇది ఎవరికైనా తెలుస్తుంది. తెలియంది ఇంకొకటుంది. ఎనిమిది చుట్లు పనిచేసే స్ప్రింగులో రెండు చుట్లు కోసేస్తే మిగిలిన ఆరూ పొట్టివే కాదు, ముందుకన్నా మూడోవంతు గట్టివి కూడా అవుతాయి. ప్రతి గుంతా నడుముకి తెలుస్తుంది. పైగా చక్రం పైకి కదలడానికి ఉన్న జాగా తగ్గిపోతుంది. షాకబ్జార్బరు అప్పటికే సగం మూసుకుని ఉంటుంది. కాస్త పెద్ద గుంత తగిలితే ఇనుముకి ఇనుము కొట్టుకుంటుంది. అంతకంటే ప్రమాదం ఎక్కడంటే, కారు ఒక్క క్షణం ఎగిరిందనుకోండి... పొట్టి స్ప్రింగు తన గూట్లోంచి జారి బయటికి రావచ్చు.

కొందరు కొయ్యలేదు, కాల్చారు. గ్యాస్ మంట పెట్టి స్ప్రింగుని ఎర్రగా చేస్తే బరువుకి అదే కుంగుతుంది. కావలసినంత దిగాక మంట తీసేయడమే. పావుగంట పని. కొలిమి దగ్గర కూర్చున్న ఏ కమ్మరినడిగినా చెబుతాడు ఇదెంత తప్పో. స్ప్రింగుకి ప్రాణం దాని పదును. మళ్లీ కాలిస్తే పదును పోతుంది. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ కుంగుతుంది. ఏ మలుపులోనో విరుగుతుంది. ఈ పద్ధతి మన దగ్గర షెడ్లలో కూడా ఎక్కడోచోట ఇంకా కనబడుతూ ఉండటం బాధాకరం.

తెలిసిన పనివాళ్లు స్ప్రింగు జోలికి పోకుండా ఇంకో దారి కనిపెట్టారు. ముందు చక్రం బిగించే ఇరుసు మొనని రెండంగుళాలు పైకి జరిపి తయారుచేసిన స్పిండిల్ వేస్తారు. చక్రం పైకి పోతే కారు కిందికొచ్చినట్టేగా! స్ప్రింగు అదే, దాని కదలికా అదే. కారు రెండంగుళాలు దిగుతుంది, నడక చెడదు. ఈ రోజుకీ కారు దించాలనుకునేవాళ్లకి అనుభవజ్ఞులు మొదట చెప్పేది ఇదే.

రిమ్ము కింద గీత

కార్లు దిగుతున్నకొద్దీ పోలీసులకి చిరాకెక్కింది. 1958 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో ఒక చట్టం అమల్లోకి వచ్చింది. వాహన చట్టంలో 24008వ సెక్షన్. మార్పులు చేసిన కారులో చక్రాలు తప్ప మరే భాగమూ రిమ్ము అడుగు అంచుకన్నా కిందికి ఉండకూడదని. పైకి చూస్తే అందులో తప్పు పట్టడానికేం లేదు. టైరు పగిలి రిమ్ము నేలకి తగిలితే కారు అడుగుభాగం రోడ్డుని గీరుకుంటూ పోకూడదు కదా. కానీ ఆ గీత ఎవరి కార్ల దగ్గర కొలిచారన్నది వేరే ప్రశ్న. ఆపడానికి ఒక కారణం కావాలి, దొరికింది. తూర్పు పేట కుర్రాళ్లకి జరిమానా కాగితాలు వరసగా రావడం మొదలైంది.

అలా విసిగిపోయినవాళ్లలో ఒకతను రాన్ అగిరె. శాన్ బెర్నార్డినో వైపువాడు. ఎక్స్-సోనిక్ అని పేరుపెట్టి తీర్చిదిద్దుకున్న షెవర్లే కొర్వెట్ కారు ఉండేది అతనికి. విమానాల్లో వాడే పెస్కో హైడ్రాలిక్ పంపులు, వాల్వులు యుద్ధం మిగిల్చిన సరుకుగా తుక్కు కొట్లలో దొరికేవి. 1959 ప్రాంతంలో వాటిని తెచ్చి కారుకి బిగించాడు. మీట నొక్కితే కారు దిగుతుంది. పోలీసు కనపడితే ఇంకోసారి నొక్కాలి, చట్టం చెప్పిన ఎత్తుకి లేస్తుంది!

విమానం చక్రాలు ముడిచే యంత్రం కారుకి సలాం చెయ్యడం నేర్పిందన్నమాట. చట్టం చెయ్యకపోతే ఆ తలూపుడే పుట్టేది కాదేమో.

డిక్కీలో దాగిన బలం

అదే కాలంలో, 1958లో, షెవర్లే కంపెనీ ఇంపాలా తెచ్చింది. దాని ఛాసిస్ ఇంగ్లిషు ఎక్స్ అక్షరం ఆకారంలో ఉంటుంది. పక్కల పట్టీలు లేవు, బలమంతా మధ్యలో. 1964 మోడల్ వరకూ అదే తీరు. పక్కనుంచి గుద్దితే రక్షణ తక్కువని దాన్ని తిట్టినవాళ్లు ఉన్నారు. లోరైడర్లకి మాత్రం వరమైంది. పొట్ట నేలకి ఆనేదాకా దించినా రెండు పక్కలా తగిలే ఇనుముండదు. నాలుగు మూలలా చుట్ట స్ప్రింగులే. అందుకే ఈ వీధిలో ఇంపాలా కారు కాదు, ఇలవేల్పు.

మరి ఆ డిక్కీ తెరిస్తే ఏముంటుంది? సామాను పెట్టుకునే జాగా మాత్రం ఉండదు. క్రోమ్ పూతతో తళతళలాడే రెండు పంపులు, నూనె ట్యాంకులు, వాటి పక్కన వరసగా బ్యాటరీలు. ఒక్కో బ్యాటరీ పన్నెండు వోల్టులు. నాలుగు కలిపితే నలభై ఎనిమిది, ఆరు కలిపితే డెబ్భై రెండు. వోల్టులు పెరిగేకొద్దీ పంపు వేగం పెరుగుతుంది, కారు ఎగురుతుంది. పంపు తోసిన నూనె గొట్టాల్లోంచి ఒక్కో చక్రం దగ్గరున్న సిలిండర్లోకి పోతుంది. సిలిండరు స్ప్రింగుని తోస్తుంది, కారు లేస్తుంది. ఇంకో మీట నొక్కితే వాల్వు తెరుచుకుని నూనె వెనక్కి వస్తుంది, కారు దిగుతుంది. సూత్రం చూస్తే ఇంతే. టిప్పరు లారీ ఇసక దించడమూ ఇదే సూత్రం. నిజానికి 1960ల్లో, 70ల్లో లారీల వెనక సామాను ఎత్తే పలకల పంపులనే తెచ్చి బిగించుకునేవాళ్లు.

కానీ పంపు బిగిస్తే పని అయిపోదు. అసలు కష్టం అక్కణ్నుంచే మొదలవుతుంది. కంపెనీవాడు కారు ఇన్నంగుళాలు పైకీ ఇన్నంగుళాలు కిందికీ కదులుతుందని లెక్కగట్టి కడ్డీలు, జాయింట్లు పెట్టాడు. దాన్ని రెట్టింపు కదిలించాలంటే ప్రతి కడ్డీ లెక్కా తప్పుతుంది. ముందు భాగం బాగా లేచినప్పుడు పై ఆర్మ్ కిందికి వాలి, చక్రం తలని లోపలికి లాగేస్తుంది. టైరు గొంతుక్కూర్చున్నట్టు వంకరగా నిలబడుతుంది. అందుకని ఆ ఆర్మ్‌ని మధ్యలో కోసి, అంగుళమో ముప్పావో ముక్క అతికి, పలకలతో బలం చేసి వెల్డింగు పెడతారు. ఆ అతుకు మీదే కారు బరువుంటుంది. వచ్చీరాని చేత్తో పెట్టిన వెల్డింగు ఇక్కడ ఊడితే చక్రం పక్కకి పడుతుంది. స్టీరింగు ఉండి లాభం లేదు.

వెనక ఇంకో చిక్కు. ఇంపాలా వెనక ఇరుసు పక్కలకి జరక్కుండా పాన్‌హార్డ్ రాడ్ అని ఒక అడ్డకడ్డీ పట్టుకుని ఉంటుంది. దాని ఒక కొస ఛాసిస్‌కి, ఇంకో కొస ఇరుసుకి. తలుపు తీస్తే దాని అంచు వంపుగా తిరిగినట్టు, ఇరుసు పైకీ కిందికీ పోతున్నప్పుడు ఈ కడ్డీ కూడా వంపు తిరుగుతూ ఇరుసుని పక్కకి లాగుతుంది. మామూలు కారులో ఆ లాగుడు తెలియనంత. లోరైడర్లో ఒక పక్క చక్రం మడ్‌గార్డుని రాసేంత! అందుకే దాన్ని తీసేసి, వై ఆకారంలో ఉండే కొత్త ఆర్మ్ మధ్యలో బిగిస్తారు. ఇరుసు ఇక తిన్నగా లేస్తుంది, తిన్నగా దిగుతుంది.

ప్రొపెల్లర్ షాఫ్టు సంగతీ అంతే. వెనక భాగం లేచినప్పుడు ఇంజనుకీ ఇరుసుకీ మధ్య దూరం మారుతుంది. షాఫ్టులో జారే జాయింటు పెట్టకపోతే అది ఊడి వస్తుంది, లేదా క్రాస్ విరుగుతుంది. బ్రేకు గొట్టాలు పొడుగ్గా మార్చాలి. లేకపోతే కారు లేచిన క్షణంలో తెగుతాయి. ఆ తర్వాత ఛాసిస్. ఎగిరి దూకే కారుకి పాత ఛాసిస్ పగుళ్లిస్తుంది. కారు బాడీ మొత్తం ఎత్తి పక్కన పెట్టి, ఛాసిస్ పొడుగునా ఉక్కు పలకలు చుట్టి వెల్డింగు చేస్తారు. ఎనిమిది బ్యాటరీలంటే రెండొందల కిలోల పైమాటే. ఆ బరువంతా వెనకే. బ్రేకులకి ఆ సంగతి తెలియాలిగా!

నిప్పు భయం ఉండనే ఉంది. అంత కరెంటు ఒక్కసారి పోయే మీటలో స్విచ్చి అతుక్కుపోతే పంపు ఆగదు, వైరు కాలుతుంది. అందుకే బ్యాటరీల నుంచి వచ్చే ఎర్తు వైరుని ఒక్క గుంజుతో విడగొట్టే పిడి పెట్టుకుంటారు. డిక్కీ తెరిచి పది క్షణాల్లో ఆ పిడి ఎక్కడుందో చూపించలేని కారుని కాస్త దూరంనుంచి చూడటమే మంచిది.

ఇన్ని తిప్పలు పడి తయారుచేసిన కారు నడక ఎలా ఉంటుందంటే... బాగుండదు. చాలామంది షాకబ్జార్బర్లు తీసేస్తారు. పదమూడంగుళాల చిన్న చక్రాలు, సన్నటి టైర్లు. హైవే మీద గంటకి నూటపాతిక కిలోమీటర్లు పోవడానికి కాదది. దాని పని ఈ వీధి చివరిదాకా పోయి, తిరిగి రావడం. అందులో మాత్రం దాన్ని మించింది లేదు.

వీధి మూసేసిన ఏడాది

1970 ఆగస్టు 29న ఇదే వీధి మీద వేలమంది చికానోలు వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా ఊరేగింపుగా నడిచారు. దగ్గర్లోని లగూనా పార్కులో సభ. షెరిఫ్ మనుషులు సభని చెదరగొట్టారు. వీధంతా పొగ. లాస్ ఏంజెలెస్ టైమ్స్‌లో కాలమ్ రాస్తూ, కేఎంఈఎక్స్ అనే స్పానిష్ టీవీ కేంద్రంలో వార్తల విభాగం చూస్తున్న రూబెన్ సలజార్ ఆ సాయంత్రం ఈ వీధిలోనే సిల్వర్ డాలర్ అనే చిన్న హోటల్లో కూర్చుని ఉన్నాడు. గుమ్మంలోంచి ఒక డిప్యూటీ పేల్చిన బాష్పవాయు గుండు తలకి తగిలి అక్కడికక్కడే చనిపోయాడు. ఎవరి మీదా కేసు నడవలేదు. లగూనా పార్కుకి తర్వాత సలజార్ పేరు పెట్టారు.

ఆ ఏళ్లన్నిట్లో కూడా వారాంతం రాత్రుళ్లు కార్లు తిరుగుతూనే ఉన్నాయి. 1965లో ఈ పేట బ్యాండే థీ మిడ్‌నైటర్స్ ఈ వీధి పేరుతోనే ఒక పాట చేసింది. పదేళ్లకి వార్ అనే బృందం ‘లో రైడర్’ పాటతో దేశమంతా ఆ మాట పాకించింది. 1977లో శాన్ హోసేలో కాలేజీ కుర్రాళ్లు కొందరు లోరైడర్ల కోసమే పత్రిక మొదలుపెట్టారు. నాలుగు దశాబ్దాలకు పైగా నడిచి 2019లో దాని అచ్చు ఆగింది.

కార్లతోపాటు గొడవలూ పెరిగాయన్నది నిజం. శనివారం రాత్రి వీధి నిండిపోతే అంబులెన్సుకి దారుండేది కాదు. ముఠా తగాదాలు, తాగుళ్లు... కొట్లవాళ్లు ఫిర్యాదులు చేశారు. వాళ్ల బాధ అబద్ధం కాదు. కానీ దానికి దొరికిన మందేమిటి? 1979లో షెరిఫ్ విభాగం విట్టియర్ బులెవార్డ్‌ని రాత్రుళ్లు క్రూజింగ్‌కి మూసేసింది. తలనొప్పికి తల తీసేసినట్టు! తప్పు చేసినవాడూ చెయ్యనివాడూ ఒకే గాటన కట్టబడ్డారు.

తర్వాత కాలిఫోర్నియా అంతటా అదే వరస. 1980ల్లో రాష్ట్ర చట్టమే ఊళ్లకి ఆ అధికారమిచ్చింది. ఒక చోటుని నిర్ణీత సమయంలో ఒకే కారు పదేపదే దాటితే అది ‘క్రూజింగ్’. దానికి జరిమానా. అంటే వేగంగా పోయినందుకు కాదు, తాగి నడిపినందుకు కాదు. మళ్లీ వచ్చినందుకు! శాన్‌డియేగో పక్కన నేషనల్ సిటీలో 1992లో ఈ నిషేధం పెట్టారు. హైలాండ్ అవెన్యూలో తండ్రులు తిరిగిన వీధిలో కొడుకులు తిరక్కూడదని బోర్డులు వెలిశాయి.

గులాబీల కారు

ఈ మధ్యకాలమంతా లోరైడర్ల తలెత్తి నిలబెట్టిన కారు ఒకటుంది. జిప్సీ రోజ్. జెస్సీ వలాడెస్ అనే ఆయనది. తూర్పు పేటలో ఇంపీరియల్స్ అనే కార్ల క్లబ్బు పెట్టినవాళ్లలో ఒకరు. మొదటి జిప్సీ రోజ్ 1963 ఇంపాలా. దాన్ని ఎవరో ఇటుకలతో కొట్టి పాడుచేశారు. ఆయన ఊరుకోలేదు. 1964 ఇంపాలా కొని మళ్లీ మొదలుపెట్టాడు. వాల్ట్ ప్రే అనే చిత్రకారుడు గులాబీ రంగు మీద చేత్తో గులాబీలు గీశాడు. బానెట్ మీద, డిక్కీ మీద, పక్కల, కప్పు మీద. ఒకటా రెండా... చూస్తుంటే కారు కనపడదు, తోట కనపడుతుంది. లోపల మెత్తటి గులాబీ వెల్వెట్టు, చిన్న షాండిలియర్లు. 1974లో మొదలైన ‘చీకో అండ్ ద మాన్’ టీవీ ధారావాహిక పేర్లు పడేటప్పుడు ఈ కారే వీధిలో కనపడేది. అమెరికా మిగతా సగం లోరైడరంటే ఏమిటో మొదటిసారి చూసింది అందులోనే.

జెస్సీ వలాడెస్ 2011లో పోయాడు. అంతిమయాత్రలో జిప్సీ రోజ్ వెంట నడిచింది. 2017లో దాన్ని అమెరికా చారిత్రక వాహనాల జాతీయ పట్టికలో చేర్చి, వాషింగ్టన్‌లో పార్లమెంటు భవనానికెదురుగా ఉన్న పచ్చిక మైదానంలో అద్దాల పెట్టెలో పెట్టారు. సొంత వీధిలో తిరిగితే జరిమానా రాసే అధికారం చట్టంలో ఇంకా ఉంది అప్పటికి!

ఇంకో కారు కథ న్యూమెక్సికోది. శాంతాఫేకి నలభై కిలోమీటర్ల దూరాన ఎస్పాన్యోలా అనే చిన్న ఊరుంది. ప్రపంచ లోరైడర్ రాజధాని తమదేనని ఆ ఊరివాళ్ల పట్టు. పక్కనే చిమాయో గ్రామం. అక్కడి మట్టిగోడల చర్చికి గుడ్ ఫ్రైడేనాడు వేలమంది కాలినడకన వస్తారు. లోపలున్న చిన్న గుంతలోంచి మట్టి తీసుకుని ఒంటికి రాసుకుంటారు, అది జబ్బులు నయం చేస్తుందని నమ్మకం. ఇక్కడి కార్ల మీద గులాబీలకన్నా గ్వాదలూపే మేరీమాత బొమ్మ ఎక్కువ. ఆ ఊరి కుర్రాడు డేవిడ్ హరమీయో 1969 ఫోర్డ్ ఎల్‌టీడీని లోరైడరుగా మార్చడం మొదలుపెట్టి, 1978లో ప్రమాదంలో పోయాడు. సగంలో ఆగిన కారుని భార్య, బంధువులు, స్నేహితులు కలిసి పూర్తిచేశారు. పేరు ‘డేవ్స్ డ్రీమ్’. 1990లో స్మిత్సోనియన్ మ్యూజియం దాన్ని కొంది.

ఒక సంతకం

2022లో శాన్ హోసే, శాక్రమెంటో నగరాలు క్రూజింగ్ నిషేధాన్ని ఎత్తేశాయి. 2023లో నేషనల్ సిటీ దిగొచ్చింది. అక్కడి క్లబ్బులవాళ్లు ఏళ్లతరబడి కౌన్సిల్ సమావేశాలకి వెళ్లి, మైకు ముందు వంతులవారీగా నిలబడి ఇచ్చిన వివరణలకి దక్కిన ఫలితమది. తాతలు మనవల్ని వెంటపెట్టుకుని వచ్చేవాళ్లు. అదే ఏడాది శాన్‌డియేగో శాసనసభ్యుడు డేవిడ్ అల్వారెస్ అసెంబ్లీలో 436వ నంబరు బిల్లు పెట్టాడు. అక్టోబరులో గవర్నర్ గావిన్ న్యూసమ్ సంతకం చేశాడు. 2024 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో ఏ ఊరూ క్రూజింగ్‌ని నిషేధించడానికి లేదు. రిమ్ము కింద గీసిన గీత కూడా చెరిగిపోయింది. సరిగ్గా అరవై ఆరేళ్ల తర్వాత!

అందరూ సంతోషించలేదు. నడిరోడ్డు మీద కార్లు గిర్రున తిప్పి, టైర్లు కాల్చి, కూడళ్లు ఆక్రమించే మూకలు ఈమధ్య అక్కడ పెద్ద బెడద. పోలీసు అధికారులు కొందరు దాన్నే చూపించి చట్టం వద్దన్నారు. లోరైడర్లకి ఒళ్లు మండేది సరిగ్గా ఇక్కడే. పదేళ్లు కూడబెట్టి పెయింటు వేయించుకున్న మనిషి దాన్ని కూడలిలో గిరగిరా తిప్పుతాడా? మనసుపెట్టి చూస్తే ఈ రెండు గుంపులకీ పోలిక కార్లు ఉండటం ఒక్కటే.

చట్టం పోయిందికదా అని భద్రత లెక్కలు పోలేదు. బ్రేకులు, లైట్లు, టైర్లు, నేలకి తగిలి నిప్పురవ్వలు లేపే కారు... వీటి మీద మామూలు నిబంధనలన్నీ ఉన్నాయి. ఈ కథ చదివి ఇక్కడ స్ప్రింగులు కోయించాలని సరదా పడే కుర్రాళ్లు మాత్రం ఒకసారి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చూసుకోవడం మంచిది. రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఉన్న కంపెనీ వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. చట్టం సంగతి అలా ఉంచినా, మన స్పీడ్ బ్రేకర్లు మామూలు కార్ల పొట్టనే వదలవు!

చూడాలనుకుంటే...

విట్టియర్ బులెవార్డ్‌కి ఆదివారం మధ్యాహ్నం దాటాక వెళ్లాలి. ఆర్చి దగ్గర దిగితే చాలు. టికెట్టు లేదు, గేటు లేదు, పేవ్‌మెంటే గ్యాలరీ. కుటుంబాలు మడతకుర్చీలు తెచ్చుకుని కూర్చుంటాయి. మామిడికాయ ముక్కల మీద కారం, ఉప్పు, నిమ్మకాయ పిండి అమ్మే బండి కనపడుతుంది. మనవాళ్ల నోటికి ఇట్టే పడుతుంది. వీలైతే ఏప్రిల్ నెలలో శాన్‌డియేగో చికానో పార్కుకి వెళ్లాలి. 1970 ఏప్రిల్ 22న వంతెన కింది జాగాని జనం ఆక్రమించి పార్కుగా మార్చుకున్నారు. ఆ రోజుని గుర్తుచేసుకునే పండగలో లోరైడర్లు బారులు తీరుతాయి. వంతెన స్తంభాల నిండా బొమ్మలు, కింద కార్ల నిండా బొమ్మలు.

కార్ల వెనకద్దంలో క్లబ్బు పేరున్న లోహపు పలక ఉంటుంది. అది డబ్బిస్తే వచ్చేది కాదు. కారూ, మనిషీ రెండూ క్లబ్బుకి నచ్చాకే ఇస్తారు. ఎగిరే పోటీలుంటే పక్కన నిలువు కొలబద్ద పెట్టి ముందు బంపరు ఎంత ఎత్తు లేచిందో అంగుళాల్లో చదువుతారు. ఒక్కోసారి డిక్కీ బరువుకి కారు తోక మీద అలా నిలబడిపోతుంది, నలుగురు పట్టుకుని దించాలి.

ఫొటోలకి ఎవరూ అడ్డుచెప్పరు. అడిగితే డిక్కీ తెరిచి చూపిస్తారు. పంపు ఎక్కణ్నుంచి తెచ్చిందీ, ఆర్మ్‌కి ఎంత ముక్క అతికిందీ, ఆ వెల్డింగు తనదా మామయ్యదా అన్నదీ ఓపిగ్గా చెబుతారు. కారు మీద చెయ్యి మాత్రం వెయ్యకూడదు. వేలిముద్ర పడితే ఆయన జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి, మాట్లాడుతూనే, తుడిచేస్తాడు.